ఈ ఏడు సింపులా, గ్రాండా? శ్రావణం సరుకు ఎత్తేముందు తేల్చుకుందాం

కావలి_బొతిక్:
శ్రావణం సరుకుకు బయల్దేరే రోజులు వచ్చేశాయి. ఒక పక్క ఈ ఏడంతా లేత రంగులే, సన్నంచే, మెడలో ఒక్క నగే అంటున్నారు. ఇంకో పక్క టిష్యూ చీర (జరీతో నేసింది), జానెడంచు, మోచేతిదాకా మగ్గం వర్కు లేకపోతే పెళ్లి సరుకు కదలదంటున్నారు. ఎవరికేది ఇష్టమన్నది పక్కనబెట్టి, పని తెలిసినవాళ్లు చెప్పండి. గుడ్డ, కుట్టు, నగ ఈ మూడింట్లో ఎక్కడ తగ్గుతోంది, ఎక్కడ పెరుగుతోంది? నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు పెళ్లిళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పండి. హైదరాబాదు లెక్క మనకు సరిపోదు.

ఒంగోలు_సూది:
రెండూ నిజమే అక్కా. ఇదివరకు ఆర్భాటం తల నుంచి కాలిదాకా పరుచుకుని ఉండేది. చీర నిండా బుటా, రెండు పక్కలా పెద్దంచు, జాకెట్టు నిండా వర్కు, దాని మీద మూడు వరసల హారం. ఇప్పుడు మనిషి మీద ఒక్కచోటే బరువు పెట్టి మిగతాదంతా ఖాళీగా వదిలేస్తున్నారు. బాడీ ప్లెయిన్‌గా ఉండే చీరకు చేతుల మీద గట్టి పని. చీరే నిండుగా ఉంటే జాకెట్టుకు సన్నటి పైపింగ్, అంతే. ఆ ఒక్కచోట మాత్రం పని ఇదివరకటికన్నా దట్టంగా అడుగుతున్నారు. అందుకే చూసేవాళ్లకు ఒకసారి సింపుల్‌గా, ఒకసారి గ్రాండ్‌గా అనిపిస్తుంది. సరుకు ఎత్తేటప్పుడు "సింపుల్ ఎన్ని, గ్రాండ్ ఎన్ని" అని లెక్క వేయొద్దు. ప్రతి చీరకూ దాని బరువు ఎక్కడుందో చూసి, రెండో ముక్క దానికి ఎదురుగా తేలిగ్గా ఉండేట్టు ఎత్తండి.

ట్రెండ్_నెల్లూరు:
నేను సింపుల్ వైపే. బయటి గాలి చూడండి. 2023లో "క్వయట్ లగ్జరీ" (ఆర్భాటం లేని ఖరీదు) అన్న మాట ఊపందుకుంది. పాంటోన్ అనే రంగుల కంపెనీ వాళ్లు ఏటా ఒక రంగు ప్రకటిస్తారు కదా, 2025కి మోకా మూస్ అనే కాఫీపాల రంగు, 2026కి క్లౌడ్ డాన్సర్ అనే తెలుపు. వరసగా రెండేళ్లు కంటికి చల్లగా ఉండే రంగులే. ఇది మన ఊరిదాకా రాకుండా ఉంటుందా? లేత గులాబి, లేత పిస్తా, ఐవరీ ఇప్పటికే రిసెప్షన్లలో కనబడుతున్నాయి.

పాటూరు_నేత:
తెలుపు గురించి బయటివాళ్లు మనకు కొత్తగా చెప్పాల్సిందేముందబ్బా. మన పెళ్లిలో మధుపర్కాలు ఏ రంగు? తెల్లటి నూలు బట్ట, ఎర్రంచో పసుపంచో, అంచులకు పసుపు. తాళి కట్టించుకునే ఘడియకు ఒంటి మీద ఉండేది ఆ బట్టే. అన్నిటికన్నా పెద్ద ఘడియకు అన్నిటికన్నా తేలికైన బట్ట పెట్టుకున్న వాళ్లం మనం. కాబట్టి సింపుల్ అనేది ఎక్కడినుంచో ఎగిరి వచ్చిందని అనుకోవద్దు.

ఇక అసలు మాట. సింపుల్ అంటే చవక అనుకుని సరుకెత్తితే దెబ్బ తింటారు. ప్లెయిన్ చీరలో గుడ్డే మాట్లాడాలి. వెంకటగిరి నూలు చీర తీసుకోండి, పడుగు (నిలువు పోగు), పేక (అడ్డం పోగు) రెండూ 100 కౌంటు నూలు. 100 కౌంటు అంటే ఒక పౌను నూలులో 100 చిలపలు, చిలపకు 840 గజాలు, మొత్తం 84,000 గజాలు. అంత సన్నటి దారం మగ్గం మీద తెగకుండా ఉండాలంటే గంజి సమంగా పట్టాలి, గాలిలో తడి ఉండాలి. వడగాలి రోజుల్లో పోగు పెళుసెక్కి పటపటమని తెగుతుంది. తెగిన ప్రతిచోటా ముడి. బుటాలున్న చీరలో ఆ ముడి కనపడదు. ప్లెయిన్ బాడీలో చెయ్యి పెడితే తగులుతుంది, వెలుతురుకు పట్టి చూస్తే కనపడుతుంది. అంచు తగ్గిందని ధర సగమైపోదు. నాణ్యమైన ప్లెయిన్‌కు తప్పు దాచుకోను చోటు ఉండదు, ధర అక్కడే పెరుగుతుంది.

కొనేటప్పుడు చీరను రెండు చేతులతో కిటికీ వెలుతురుకు పట్టండి. పేక వత్తుగా ఒకచోట, పలచగా ఒకచోట పట్టీలు పట్టీలుగా కనబడితే దెబ్బ సమంగా పడలేదని అర్థం. అంచు చివర సన్నటి చిల్లులు వరసగా ఉంటే భయపడొద్దు. నేసేటప్పుడు గుడ్డను పన్నాకు (వెడల్పుకు) లాగి పట్టే కర్ర మొనలు దిగిన గుర్తులవి. చేనేత అని చెప్పుకోవడానికి అదొక ఆనవాలు.

ట్రెండ్_నెల్లూరు:
మధుపర్కాల మాట ఒప్పుకుంటున్నాను. కానీ వెంకటగిరిలో కొంగు మీద జాందానీ నెమళ్లు, చిలకలు కూడా ఉంటాయి కదా. అది గ్రాండే కదా?

పాటూరు_నేత:
గ్రాండే. కానీ ఎక్కడ? కొంగులో. బాడీ అంతా ఖాళీ, లేకపోతే దూరం దూరంగా చిన్న బుటా. ఒంగోలు_సూది చెప్పిందే అది. జాందానీలో బొమ్మ దారాన్ని పేకతో పాటు చేత్తో దూర్చి తిప్పుతారు, బొమ్మకెంత కావాలో అంతే దారం, వెనక వేలాడే దారాలు ఉండవు. అందుకే అంత పని ఉన్నా కొంగు బరువెక్కదు. మిషన్ బుటాలో వెనక దారాలు కత్తిరించి వదిలేస్తారు, మెట్టెలకు, గాజులకు తగులుకుని లేచిపోతాయి. వెనక్కి తిప్పి చూస్తే తేలిపోతుంది.

ఆచారివీధి:
నగల సంగతి నేను చెప్తా. ఇక్కడ సింపుల్‌ను తెచ్చింది ఫ్యాషన్ కాదు, ధర. 2025 ఏప్రిల్‌లో 24 క్యారెట్ల బంగారం 10 గ్రాములు లక్ష రూపాయలు దాటింది. అప్పటినుంచి అడిగే తీరే మారింది. "ఎన్ని సవర్లు" అనడం పోయి "ఇంత డబ్బులో ఏమొస్తుంది" అంటున్నారు. అయినా చిన్న నగ అడగడం లేదు. పెద్దగా కనబడే తేలిక నగ అడుగుతున్నారు. కాసులపేరులో కాసు చుట్టుకొలత అదే ఉండాలి, మందం తగ్గాలి. వచ్చే చిక్కంతా అక్కడే.

వడ్డాణం ఉదాహరణ. రేకు పలచన చేస్తే కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర మడత పడుతుంది. ఒకసారి మడత పడిన రేకు సాపు చేసినా గీత పోదు. తేలిక వడ్డాణం కావాలంటే ఒకే పట్టీగా వద్దు, చిన్న చిన్న బిళ్లలుగా చేసి మధ్యలో కీళ్లు పెట్టించాలి. ఒంటితో పాటు వంగుతుంది, రేకు మీద బలం పడదు. వెనక భాగానికి బంగారం అక్కర్లేదు, కొంగు కింద ఉంటుంది, గొలుసో పట్టు తాడో చాలు.

క్యారెట్ల లెక్క కూడా తెలుసుకోండి. 40 గ్రాముల హారం 22 క్యారెట్లలో చేస్తే అందులో మేలిమి 36.6 గ్రాముల పైమాట. 18 క్యారెట్లలో చేస్తే 30 గ్రాములు. రాళ్లు పొదిగే నగకు 18 గట్టిగా ఉంటుంది, రాయి పట్టు వదలదు. నక్షీ పనికి (ఉలితో బొమ్మలు చెక్కే పనికి) మాత్రం 22 మేలు, లోహం మెత్తగా ఉంటేనే ఉలికి లొంగుతుంది. 2025 జూలై నుంచి 9 క్యారెట్లకు కూడా హాల్‌మార్కు ఇస్తున్నారు, ముద్ర 375. రోజువారీ కమ్మలకు సరే. ముహూర్తం నగకు పెడితే పక్కన 22 క్యారెట్ల గాజు ఉన్నప్పుడు పసుపు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఏ క్యారెట్టయినా ఆరక్షరాల హెచ్‌యూఐడీ (ప్రతి నగకూ విడిగా ఇచ్చే హాల్‌మార్కు గుర్తింపు) సంఖ్య లేకుండా తీసుకోవద్దు.

కందుకూరు_కాటన్:
అంటే ధర పెరిగితే జనం సింపుల్ వైపు వస్తారనే కదా? ఆ లెక్కన వచ్చే రెండేళ్లూ సన్నంచు చీరలే ఎత్తుకోవచ్చు.

ఒంగోలు_సూది:
అట్టా తీసేయొద్దన్నా. చేతిలో డబ్బు బిగుసుకున్నప్పుడల్లా బట్ట చిన్నదైపోదు. 1947లో పారిస్‌లో డియోర్ అనే ఫ్యాషన్ డిజైనరు "న్యూ లుక్" తెచ్చినప్పుడు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి రెండేళ్లు కూడా కాలేదు, గుడ్డకు ఇంకా కటకటే. అలాంటప్పుడు గజాలకు గజాలు పట్టే ఘేరు (కింద వెడల్పుగా విచ్చుకునే) లంగాలు వచ్చాయి. కరువు తర్వాత కళ్లు నిండుతనాన్ని కోరుకుంటాయి. మన దగ్గరా అదే. మెడలో బంగారం తగ్గిన మేరకు జాకెట్టు మీద పని పెరిగింది. వెనక మెడ చుట్టూ కాసులపేరు ఆకారంలో మగ్గం వర్కు అడుగుతున్నారంటే, ఆ హారం మెడలోనుంచి జాకెట్టు మీదకు దిగిందన్నమాట. కాబట్టి సన్నంచు చీర ఎత్తండి, దాని పక్కన మగ్గం వర్కుకు పనికొచ్చే రా సిల్కు గుడ్డ కూడా ఎత్తండి.

కావలి_బొతిక్:
ఆ మాట బాగుంది తమ్ముడూ. మరి ప్లెయిన్ జాకెట్టు కుట్టించేటప్పుడు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "ఎక్కడో ముడతలు, ఏదో తేడా" అని. ప్లెయిన్‌కే ఎందుకట్టా?

ట్రంకురోడ్డు_టైలర్:
దీనికి వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. వర్కు జాకెట్టులో కుట్టు తప్పును పూసలు కప్పేస్తాయి. ప్లెయిన్‌లో ప్రతి కుట్టూ బయటపడుతుంది.

మొట్టమొదట లైనింగ్. నూలు లైనింగు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర వేయాలి. అట్టా చేయకపోతే మొదటి ఉతుకుకే లోపలిది ముడుచుకుంటుంది, పైన పట్టు ముడుచుకోదు, చంక కింద, డాట్ల (ఒంటి వంపుకు వేసే మడత కుట్ల) దగ్గర గుడ్డ ఉబ్బుతుంది. "కుట్టు బాగాలేదు" అనే మాటకు ఎక్కువసార్లు కారణం ఇదే.

సూది విషయం. పట్టుకు, టిష్యూకు 11 నంబరు, అదీ కొత్త సూది. నూలుకు 14. మొద్దుబారిన సూది పట్టు పోగును కోయకుండా లాగుతుంది, కుట్టు పక్కన గీత పడుతుంది. పట్టులో, టిష్యూలో కుట్టు విప్పితే చిల్లి అట్టే ఉండిపోతుంది. కాబట్టి కొలత సరిచూడాలంటే ముందు లైనింగు ఒక్కదాన్నే కచ్చా కుట్టి ఒంటికి వేసి చూడాలి. పై గుడ్డ మీద ప్రయోగాలు పనికిరావు.

ఇక బోట్ నెక్. ఈ ఏడు ఎక్కువగా అడుగుతున్నది ఇదే, ఎక్కువగా చెడేదీ ఇదే. మెడ పైకి వెడల్పుగా పోతుంది, ముందువైపు మెడ ఎముకల కిందున్న పల్లం దగ్గర గుడ్డ గాలికి లేస్తుంది. వంగితే లోపల కనబడుతుంది. కాగితం మీద ప్యాటర్ను గీసేటప్పుడే ముందు మెడ గీతలో పావంగుళం నుంచి మూడు సూత్రాలదాకా (సూత్రమంటే అంగుళంలో ఎనిమిదో వంతు) మడిచి తీసేసి, ఆ మడతను ఛాతీ డాటులోకి తిప్పాలి. ఆ చిన్న మడతతో మెడ ఒంటికి అతుక్కుంటుంది. భుజం పట్టీ రెండంగుళాలైనా మిగలాలి, లేకపోతే లోపలి పట్టీ బయటికొస్తుంది.

మెడ చుట్టూ పైపింగ్ గుడ్డను ఏటవాలుగా, సరిగ్గా 45 డిగ్రీల క్రాసులో, అంగుళంపావు వెడల్పున కత్తిరించాలి. నిలువు ముక్క వేస్తే వంపు తిరగదు, మెడంతా పళ్లు పళ్లుగా లేస్తుంది. తిప్పేముందు వంపు మీద అరంగుళానికొక గాటు పెట్టాలి, గాటు కుట్టుకు ఒక సూత్రం దూరంలో ఆగాలి. కుట్టును తాకితే నాలుగు రోజులకు పోగులూడతాయి, ముందే ఆగిపోతే ముడత. ఇంత పని ఉంది కాబట్టే ప్లెయిన్ జాకెట్టుకు కుట్టుకూలి తగ్గించమంటే దర్జీలు ఒప్పుకోరు.

కందుకూరు_కాటన్:
లైనింగ్ సంగతి బంగారం లాంటి మాట అన్నా. మగ్గం వర్కు జాకెట్టుకూ ఇట్టాగే రాయండి ఎవరైనా.

ఒంగోలు_సూది:
రాస్తాను. పని కొలతతో మొదలవుతుంది, డిజైనుతో కాదు. గుడ్డ కత్తిరించకుండా మీటరు ముక్కలోనే ముందు, వెనక, చేతులు గీసుకుంటాం. పక్క కుట్లకు అంగుళంన్నర, మిగతా చోట్ల అరంగుళం వదలాలి. డిజైను ట్రేసింగ్ కాగితం మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన సుద్దపొడిని గుడ్డతో రుద్దితే గీత దిగుతుంది. తర్వాత గుడ్డను ఫ్రేముకు బిగించాలి. తబలా మీద చర్మంలా బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే ఫ్రేము మీద బాగానే కనబడుతుంది, విప్పాక గుడ్డ ముడుచుకుంటుంది.

మొదట జరీతో హద్దు గీతలు, తర్వాత పట్టు దారం నింపడం, ఆపైన జర్దోసి (చుట్ట తిరిగిన సన్నటి లోహపు తీగ), పూసలు. కుందన్ రాళ్లు చిట్టచివర. రాయిని గమ్ముతో అతికించి వదిలేస్తే మన మే నెల ఎండకు, చెమటకు ఊడుతుంది. చుట్టూ దారంతోనో జర్దోసితోనో కట్టు వేయించుకోండి.

అసలు జాగ్రత్త ఆరీ (కొక్కెం సూది) గొలుసు కుట్టుతో. గుడ్డను వెనక్కి తిప్పి, ప్రతి దారం కొస ముడి పడిందో లేదో వేలితో తడిమి చూడండి. గొలుసు కుట్టు కొస వదిలేస్తే, గోనెసంచి మూతి కుట్టు ఒక పక్క లాగితే బరబరా వచ్చేసినట్టు మొత్తం వరస విడిపోతుంది. పూసలు దాని మీదే ఉన్నాయి కాబట్టి అవీ రాలతాయి. ఒకటి రెండు పూసలు రాలాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు పూస తప్పేం ఉండదు, కొస ముడి లేదు.

కుట్టు గీతకు పావంగుళం దగ్గరలో పూస ఉండకూడదు. మిషను సూది విరుగుతుంది. తప్పనిసరైతే సింగిల్ ఫుట్ (ఒక పక్కే ఉండే మిషను పాదం) వేసి కుట్టాలి. చంక కింద అసలు పనే వద్దు, చెయ్యి ఒరుసుకుని చర్మం కోసుకుపోతుంది, చెమటకు జర్దోసి నల్లబడుతుంది. బరువంతా రెండు చోట్ల పెట్టండి: చేతి అంచున, వెనక మెడ చుట్టూ. వెనక మెడ పది అంగుళాల లోతు ఉంటే పూసల బరువుకు భుజాలు జారతాయి. అందుకని మెడ చుట్టూ అంగుళం వెడల్పున క్యాన్వాసు వేసి, పైన తాడు కట్టాలి. తాడు అందానికి అనుకుంటారు, అది మోసేది బరువును.

ట్రెండ్_నెల్లూరు:
లంగా ఓణీల మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఘేరు తగ్గుతోందని గమనిస్తున్నాను. పూర్తి గొడుగు (నిండు వృత్తంగా కత్తిరించింది) కాకుండా సగం గొడుగు (అర్ధవృత్తం) చాలంటున్నారు.

ట్రంకురోడ్డు_టైలర్:
నిజమే, దాని వెనక గుడ్డ లెక్క ఉంది. నడుము 30, పొడవు 40 అంగుళాలు అనుకోండి. పూర్తి గొడుగుకు నడుము వంపు వ్యాసార్ధం 30ని 6.28తో భాగిస్తే 4.8 అంగుళాలు. దానికి పొడవు 40, మడతలకు ఒకటిన్నర కలిపితే 46.3. 44 పన్నా గుడ్డలో ఇది పట్టదు, కింద అతుకు పడుతుంది. అతుకు కనబడకుండా అంచు వేసి కప్పుతుంటారు. 58 పన్నా అయితే రెండు సగాలుగా 4.7 మీటర్లు. కింద చుట్టుకొలత ఏడు మీటర్లకు పైనే, అంచు కూడా అంత కావాలి.

సగం గొడుగైతే వ్యాసార్ధం 30ని 3.14తో భాగించి 9.5. మొత్తం 51 అంగుళాలు, 58 పన్నాలో 2.6 మీటర్లు చాలు. కింద చుట్టు నాలుగు మీటర్లు. గుడ్డా అంచూ రెండూ దాదాపు సగమే. మిగిలిన డబ్బు జాకెట్టు మీద పెడుతున్నారు. మళ్లీ అదే సూత్రం, ఒకచోట తగ్గించి ఒకచోట పెంచడం.

ఏ గొడుగు అయినా నడుము పట్టీ వేశాక ఒక రోజంతా వేలాడదీసి, అప్పుడే కింద అంచు సమం చేయాలి. క్రాసు వచ్చిన చోట గుడ్డ కిందకు సాగుతుంది. వెంటనే కుట్టేస్తే వారానికి లంగా ఒక పక్క వేలాడుతుంది. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టకు జీఎస్టీ 18 శాతం. అదే గుడ్డగా కొంటే 5 శాతం. గ్రాండ్ లంగాలు రెడీమేడ్‌గా ఎత్తేముందు ఈ తేడా వేసుకోండి.

కావలి_బొతిక్:
చాలా మేలు చేశారు. చీరాల కుప్పడం గురించి ఒక మాట. పెద్దంచు ఉన్నా ఇప్పుడు బాగా అడుగుతున్నారు. అది గ్రాండ్ కోవలోకే కదా?

పాటూరు_నేత:
అవును, కానీ బరువు అంచులోనే. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయినా ఒంగోలు పెళ్లిళ్లకు అదే దిక్కు. కుప్పడంలో మూడు నాడెలు (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేవి) ఆడతాయి, రెండంచులకు రెండు, బాడీకి ఒకటి. అంచు రంగు బాడీలోకి కలవదు, హద్దు కోసినట్టు ఉంటుంది. అందుకే బాడీ ప్లెయిన్‌గా వదిలినా చీర వెలవెలబోదు. కొనేటప్పుడు ఆ అతుకు దగ్గర రెండు బొటనవేళ్లతో పక్కలకు లాగి చూడండి. సందు కనబడితే పోగులు సరిగా ముడిపడలేదు, కుచ్చిళ్ల దగ్గర చిరుగుతుంది.

జరీ కూడా చూడండి. ప్లాస్టిక్ జరీకి వేడి ఇస్త్రీ తగిలితే ముడుచుకుపోతుంది. రాగి తీగ మీద పూత వేసిన జరీ మన సముద్రపు గాలికి, చెమటకు నల్లబడుతుంది. వెండి జరీని గోటితో గీకితే లోపల ఎర్ర పట్టు పోగు కనబడుతుంది. సన్నంచు చీరలోనైనా మంచి జరీ పెట్టండి. అంచు తగ్గినప్పుడు కంటికి కనబడేది ఆ రెండంగుళాలే.

కందుకూరు_కాటన్:
ఆఖరుగా ఒకటి. టిష్యూ చీరలు ఎత్తి నాలుగు నెలలు బీరువాలో పెడితే మడతల దగ్గర పగుళ్లు వస్తున్నాయని అంటారు. ఎట్టా దాచాలి?

ఒంగోలు_సూది:
టిష్యూలో పేకంతా జరీయే కాబట్టి ఒకే గీత మీద మడత పడి ఉంటే తీగ విరుగుతుంది. మడత పెట్టొద్దు, రెండంగుళాల లావున్న అట్ట గొట్టానికి పాత నూలు చీర చుట్టి, దాని మీద టిష్యూ చుట్టండి. చోటు లేకపోతే మడతే పెట్టండి కానీ ప్రతి మడతలో చేతి లావున పాత ధోవతి గుడ్డ చుట్టి పెట్టండి, నెలకోసారి విప్పి గీత మార్చండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల తడి నిలుస్తుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు, మచ్చ పడుతుంది. ఇస్త్రీ తిరగేసి, మధ్యలో నూలు గుడ్డ వేసి, తక్కువ వేడి మీదే. నీళ్లు మాత్రం చల్లొద్దు.